పీహెచ్‌సీ ఉద్యోగం వదిలేయమంటారా?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రాసినవారు నాలుగేళ్లుగా అక్కడ మెడికల్ ఆఫీసర్. వయసు 32. పేరు, పనిచేసే ఊరు బయటపెట్టవద్దన్నారు.

భర్తకు విశాఖపట్నంలో ఉద్యోగం. ఈమె తల్లితో, నాలుగేళ్ల పాపతో కాశీబుగ్గలో అద్దెకుంటున్నారు. కేంద్రంలో డాక్టర్లు ఇద్దరు. సీనియర్ డాక్టరే డీడీఓ (జీతాలు, బిల్లులు డ్రా చేసే అధికారి) కూడా కాబట్టి బిల్లులు, ఇండెంట్లు, సంతకాలు అన్నీ ఆయనవే. 104 బండి (సంచార వైద్య వాహనం) ఎక్కి పల్లెలకు వెళ్లేది మాత్రం దాదాపు ప్రతిసారీ ఈమె. బండి లేని రోజు ఓపీలో కూర్చుంటే ఎనభై, తొంభై చీటీలు. సాయంత్రం ఇంటికి చేరి పాపకు అన్నం కలుపుతుండగా జూమ్‌లో పై అధికారుల రివ్యూ. లక్ష్యాల శాతాల పట్టికలో వెనకబడిన కేంద్రాలు ఎర్ర రంగులో కనిపిస్తాయి. పేరు పెట్టి పిలిచి అందరి ముందూ నిలదీస్తారు. మోకాళ్ల నొప్పులతో వచ్చేవాళ్లు "సూదెయ్యకపోతే ఇదేటి వైద్యం డాట్రమ్మా?" అంటారు. ఈమె వేయరు, సీనియర్ వేస్తారు. మొన్న ఒకతను ఫోన్ పట్టుకుని వీడియో తీస్తూ గొడవ చేశాడు. కిందటి నెల ఒక ఏఎన్ఎం (పల్లెల్లో తిరిగే నర్సు) ఆన్‌లైన్ ఎంట్రీలు పూర్తి చేయలేదని ఈమె అందరి ముందూ కేకలేశారు. ఆ అమ్మాయి ఏడుస్తూ వెళ్లిపోయింది. "నన్ను రివ్యూలో ఎలా మాట్లాడతారో అచ్చం అలాగే మాట్లాడాను" అని రాశారు. రెండు నెలలుగా నిద్ర కోసం రోజూ క్లోనజిపామ్ సగం బిళ్ళ వేసుకుంటున్నారు. విశాఖలో ఒక కార్పొరేట్ ఆస్పత్రి డ్యూటీ డాక్టర్‌గా రమ్మంటోంది. రాజీనామా రాసి దగ్గర పెట్టుకున్నారు. "ఇచ్చేయమంటారా?" అన్నది ప్రశ్న.

డాక్టర్ గారూ, ముందు ఆ బిళ్ళ సంగతి. తక్కినవాటిలో దారులు చెబుతాను గానీ, దీనికి ఒకటే దారి. మీ నిద్రకు మీరే మందు రాసుకోవడం ఆపాలి, అలాగని ఈ రాత్రే బిళ్ళ మానేయకూడదు. రెండు నెలలు రోజూ వాడాక ఒక్కసారిగా ఆపితే నిద్ర మునుపటికన్నా చెడుతుంది, ఆందోళన పెరుగుతుంది, "ఇది లేకుండా నావల్ల కాదు" అన్న నమ్మకం బలపడుతుంది. వేరే రోగికైతే ఈ మాట మీరే చెబుతారు. మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లి మోతాదు మెల్లగా తగ్గించుకోండి. జిల్లాలో తెలిసినవాళ్ల కంట పడతానని సంకోచమైతే విశాఖ వెళ్లినప్పుడు చూపించుకోండి. అర్ధరాత్రి మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ 14416 ఉంది. 24 గంటలూ పలుకుతుంది, పేరు చెప్పాల్సిన పని లేదు.

ఇంకొకటి మీరే గమనించుకోవాలి. నాలుగు రోజులు సెలవు పెట్టి విశాఖలో ఉన్నప్పుడు మనసు తేలికపడుతోందా? పాప నవ్వితే మీకూ నవ్వొస్తోందా? వస్తుంటే ఇది చాలావరకు ఉద్యోగం తెచ్చిన అలసట. సెలవులో కూడా రెండు వారాలపాటు ఏదీ రుచించకపోతే, తినడం, లేవడం, పాపను ఎత్తుకోవడం కూడా బరువైపోతే, అది డిప్రెషన్ కావచ్చు. అప్పుడు రాజీనామా గురించి ఏ నిర్ణయమూ తీసుకోకండి, వైద్యం ముందు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ను, అంటే పని వల్ల వచ్చే తీవ్రమైన అలసటను, జబ్బుల్లో కాకుండా, పనిచేసే చోటుకు సంబంధించిన స్థితిగా చేర్చింది. జబ్బు మీలో ఉంటే మందు మీకు, పనిలో ఉంటే మందు పనికి. మీ ఉత్తరాన్ని బట్టి రెండూ కొంచెం కొంచెం ఉన్నట్టున్నాయి.

ఇక ఉద్యోగం. మనస్తత్వవేత్త క్రిస్టీనా మాస్లాక్ 1981లో ఇచ్చిన కొలమానంలో బర్నౌట్‌కు మూడు గుర్తులు: మనసు పూర్తిగా అలసిపోవడం, ఎదుటివాళ్లను మనుషులుగా కాక చీటీలుగా చూడటం, నావల్ల ఏ మేలూ జరగడం లేదనిపించడం. మొదటిది మీకు నిండుగా ఉంది. రెండోది ఏఎన్ఎం మీద కేకల్లో తొంగిచూసింది. మూడోది మాత్రం మీ ఉత్తరంలో లేదు. రక్తంలో క్రియాటినిన్ పెరుగుతున్న, అంటే కిడ్నీలు దెబ్బతింటున్న, ఒక జీడితోట కూలీని సమయానికి పలాస కిడ్నీ ఆస్పత్రికి పంపిన సంగతి మీరు వివరంగా, ఇష్టంగా రాశారు. రాజీనామా కాగితం పక్కన పెట్టుకుని కూడా అది రాయగలిగారు. వైద్యం మీద మీకు విసుగు పుట్టలేదు.

మరి దేని మీద? పని ఒత్తిడి మీద పరిశోధన చేసిన రాబర్ట్ కరసెక్ 1979లో చెప్పిన మాట ఇక్కడ సరిపోతుంది: మనిషిని కుంగదీసేది ఎక్కువ పని ఒక్కటే కాదు, ఎక్కువ పని ఉండి దాని మీద తన చెయ్యి లేకపోవడం. బండెక్కేది ఎవరో మీ చేతిలో లేదు, రివ్యూ ఏ వేళకో లేదు, సూది వేయాలా వద్దా అన్నది కూడా పక్కగదిలో తేలిపోతోంది. మీరు "పని ఒత్తిడి" అని ఒకే మాటగా రాసింది నిజానికి మూడు: పని బరువు, పని మీద చెల్లుబాటు లేకపోవడం, అవమానం. మూడింటికీ మందులు వేరు. మూడూ కలిపి చూస్తే రాజీనామా తప్ప మరో దారి కనిపించదు.

బరువు సంగతి చూద్దాం. నాలుగున్నర గంటల ఓపీలో 85 చీటీలంటే మనిషికి మూడు నిమిషాల పైచిలుకు. ఇది మీ ఒక్కరి గోడు కాదు. 67 దేశాల లెక్కలతో 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో ప్రాథమిక వైద్యుడు రోగికి ఇచ్చే సమయం బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, స్వీడన్‌లో 22 నిమిషాల పైన. ప్రపంచ జనాభాలో సగం మంది ఉన్న దేశాల్లో అది ఐదు నిమిషాలు దాటదు. మీ ఓపీని ఆ ఐదు నిమిషాల దాకా తేవచ్చు. ఎనభై ఐదింటిలో బీపీ, షుగర్ మందుల కోసమే వచ్చే పాత చీటీలు ఎన్నో వారం రోజులు లెక్కపెట్టించండి. ముప్పై ఉన్నాయనుకుందాం. బీపీ 140/90 లోపు నిలకడగా ఉండి, షుగర్ అదుపులో ఉండి, క్రియాటినిన్ పరీక్ష పాతబడనివాళ్లను పల్లెలోని ఆరోగ్య కేంద్రానికే పంపండి. మీరు రాసిన చీటీ ప్రకారం అక్కడి సీహెచ్‌వో (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్) ముప్పై రోజుల మందు ఇస్తారు. బీపీ 140/90 దాటితే, కాళ్లు వాస్తే, మూత్రం తగ్గితే, కొత్తగా ఆయాసం వస్తే మందు ఇచ్చి పంపేయకుండా మీకు ఫోన్ చేయాలని ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. ఓపీ 55కు దిగితే మనిషికి దాదాపు ఐదు నిమిషాలు దొరుకుతాయి.

ఇది చెడిపోయేది రెండు చోట్ల. పల్లెలో మందు నిండుకుంటే జనం రెండోసారి అక్కడికి వెళ్లరు. నేరుగా మీ దగ్గరికే వస్తారు, ఆ మీదట ఎంత చెప్పినా వినరు. కాబట్టి రోగులను అక్కడికి పంపడం మొదలుపెట్టే ముందు ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్, మెట్‌ఫార్మిన్ ప్రతి పల్లె కేంద్రంలో కనీసం రెండు నెలలకు సరిపడా ఉన్నాయో లేదో మీ ఫార్మసిస్ట్‌తో లెక్క చూసుకోండి. ఇండెంట్ మీద సంతకం సీనియర్‌ది కనుక ఆయన్ని ముందే కలుపుకోవాలి. రెండోది ఉద్దానం సమస్య, అంటే ఇక్కడి కిడ్నీ జబ్బు. క్రియాటినిన్ చూడకుండా ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ నడిచిపోకూడదు; ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత వడకడుతున్నాయో చెప్పే అంకె) 30 లోపుకు పడినవాళ్లకు అది ఆపాలి. వీళ్ల చీటీలకు వేరే రంగు పెట్టి, ఎప్పుడూ డాక్టర్ దగ్గరికే రావాలన్న నియమం పెట్టండి.

చీటీ మీ బల్ల మీదికి వచ్చేసరికి బరువు, బీపీ, అవసరమైనవాళ్లకు షుగర్ రాసి ఉండాలి. చాలా పీహెచ్‌సీల్లో స్టాఫ్ నర్సు డాక్టర్ పక్కనే కూర్చుని డాక్టర్ చూస్తుండగా బీపీ కొలుస్తారు. ఎందుకో తెలియదు, అలవాటైపోయింది. బల్లను గుమ్మం బయటికి జరిపితే చాలు.

బండి విషయం దీనికన్నా చిక్కు. 2023 ఏప్రిల్‌లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ పద్ధతిలో కేంద్రానికి ఇద్దరు డాక్టర్లు, ఒకరు ఓపీలో, ఒకరు 104లో. ఆ ఒకరు ఎప్పుడూ జూనియరే కావాలని ఎక్కడా లేదు. మీ కేంద్రం కింద పది పల్లె కేంద్రాలున్నాయన్నారు. నెలకు రెండుసార్లు చొప్పున 20 రోజుల బండి. సుమారు 25 పనిదినాల్లో 20 రోజులు మీరు రోడ్డు మీదే ఉంటున్నారు. వారం మార్చి వారం అడగాలనుకుంటున్నట్టు రాశారు. అలా అడగకండి. వారాలు మారితే ఒకే పల్లెలో రోగిని ఒకసారి మీరు, ఒకసారి ఆయన చూస్తారు. మీరు మార్చిన మందు ఆయన మళ్లీ మారుస్తారు, ఆ గొడవ మీ మీదికే వస్తుంది. రోజులు కాకుండా ఊళ్లు పంచుకోండి: ఐదు మీవి, ఐదు ఆయనవి. ఇద్దరికీ పదేసి రోజులు బండి, పదేసి రోజులు ఓపీ. మిగిలిన ఐదింటిలో 9వ తేదీ గర్భిణుల పరీక్షలకు, ఇంకొకటి సిబ్బంది సమావేశానికి పోతాయి. తక్కిన రోజుల్లో ఇద్దరూ ఓపీలో ఉంటారు.

ఆయనతో మాట్లాడేటప్పుడు న్యాయం, అన్యాయం ఎత్తకండి. సిబ్బంది ముందు వద్దు, జూమ్ రివ్యూ ఉన్న రోజు అసలే వద్దు. మధ్యాహ్నం ఓపీ అయ్యాక పట్టిక కాగితం మీద వేసుకుని, "సార్, ఐదు ఊళ్లు పూర్తిగా నేను చూసుకుంటాను, ఆ ఊళ్ల శాతాలకు జవాబు కూడా నాదే. ఐదు మీరు తీసుకుంటే రివ్యూలో ఇద్దరికీ తేలిక. రెండు నెలలు చూద్దామా?" అనండి. డీడీఓ పనుల వల్ల బయటికి రాలేనంటే ఆ మాటలో కొంత నిజం ఉంది. జీతాల బిల్లుల వారం బండి మీరు తీసుకుంటానని చెప్పండి. ఏడు-మూడుకు ఒప్పుకున్నా తీసుకోండి. నెలకు ఆరు రోజులు తగ్గుతాయి.

రెండుసార్లు అడిగినా కాదంటే, డీఎంహెచ్‌వోకు (జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి) ఆయన ద్వారానే, అంటే పద్ధతి ప్రకారం, రాతపూర్వకంగా పంపవచ్చు. ఫలితం కూడా తెలుసుకుని పంపండి. పట్టిక మారవచ్చు, మీ ఇద్దరి మధ్య మాటలు తెగిపోవచ్చు. ఒకే కప్పు కింద మాటల్లేని ఇద్దరు డాక్టర్లుంటే సిబ్బంది రెండు వర్గాలవుతారు. అది బండి కన్నా ఎక్కువ అలసట. నా అంచనాలో మీ సీనియర్ చెడ్డమనిషి కాదు. మీరు ఇప్పటిదాకా నోరు తెరిచి అడగలేదని మీ ఉత్తరమే చెబుతోంది. అడగకుండా నడిచిపోతున్న సౌకర్యాన్ని తనంతట తాను వదులుకునేవాళ్లు తక్కువ.

సూది గొడవ కూడా ఇద్దరూ కూర్చుంటేనే తీరుతుంది. ఒక గదిలో వేస్తూ ఒక గదిలో వేయకపోతే జనం దృష్టిలో వేయనివారే చేతకానివారు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు బలహీనమైన కిడ్నీలకు ఏం చేస్తాయో మీ ప్రాంతంలో ఏ డాక్టర్‌కూ చెప్పనక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో దాదాపు ఇంటింటికీ ఆ జబ్బు సంగతి తెలుసు. "నొప్పి సూది కావాలంటే ముందు క్రియాటినిన్ పరీక్ష" అన్న ఒక్క నియమం ఇద్దరి సంతకాలతో ఓపీ గుమ్మం దగ్గర అంటించండి. అప్పుడు కాదనేది కాగితం, మీరు కాదు. వీడియో తీసినతని విషయంలో మీరొక్కరే స్టేషన్‌కు వెళ్లకండి. ఫిర్యాదు కేంద్రం పేరున సీనియర్ సంతకంతో వెళ్లాలి. వైద్య సిబ్బంది మీద దాడికి, ఆస్తి నష్టానికి మన రాష్ట్రంలో 2008 నాటి చట్టం ఉంది, మూడేళ్ల దాకా జైలు, 50 వేల దాకా జరిమానా. కేవలం వీడియో తీయడం దాని కిందికి రాకపోవచ్చు. బెదిరింపు, తోపులాట ఉంటే ఆ రోజే, చూసినవాళ్ల పేర్లతో రాసి ఇవ్వాలి.

రివ్యూ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే విషం అక్కడుంది. రివ్యూ వేళను, మాట తీరును మీరు మార్చలేరు. డాక్టర్ల సంఘం ద్వారా అడగవచ్చు. పదిమంది సంతకాలతో, ఒక్క విషయం మీద, ఉదాహరణకు "సాయంత్రం ఆరు లోపు" అని, అడిగితే ఒక్కోసారి వింటారు. మీ చేతిలో ఉన్నది అంకె. ఎర్ర రంగు ఎందుకొస్తోంది? ముప్పై ఏళ్లు దాటిన ప్రతివాళ్లకూ బీపీ, షుగర్ చూడాలన్నది లక్ష్యం. జాబితా ఇళ్ల సర్వే నుంచి వచ్చింది. ఆ జాబితాలోని మగవాళ్లలో ఎంతమంది ఊళ్లో ఉన్నారు? తీరం వెంబడి మత్స్యకారులు ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్ బోట్ల మీద ఉంటారు, తాపీ పనివాళ్లు హైదరాబాద్, చెన్నైలలో ఉంటారు. లేని మనిషికి బీపీ కొలవలేరు, అయినా అతను మీ లెక్కలో బాకీయే.

ఊరివారీగా మూడు అంకెలు తీయించండి: జాబితాలో ఉన్నవాళ్లు, వలస వెళ్లినవాళ్లు (ఎప్పుడు వెళ్లారు, ఎప్పుడు వస్తారు), రెండుసార్లు నమోదైనవాళ్లూ చనిపోయినవాళ్లూ కలిపి ఒక అంకె. ఇది ఆశా కార్యకర్తలకు కంఠతా వచ్చిన లెక్క. సగం పూటలో అయిపోతుంది. రివ్యూకు ముందు మధ్యాహ్నమే నాలుగు వాక్యాల్లో పంపండి: జాబితా ఇంత, ఊళ్లో ఉన్నవాళ్లు ఇంత, వాళ్లలో పూర్తయింది ఇంత, వలసవాళ్లను ఫలానా నెలలో వచ్చినప్పుడు చూస్తాం. మొదటి రెండు రివ్యూల్లో "కథలు చెప్పకండి" అనే అంటారు. అదే నమూనాలో ప్రతిసారీ పంపుతూ ఉంటే, తన పైవాళ్లకు జవాబు చెప్పుకోవాల్సిన అధికారికి అది పనికొచ్చే కాగితమవుతుంది. ఊళ్లో ఉన్నవాళ్లలో కూడా సగమే పూర్తయితే అప్పుడా ఎరుపు నిజమైనదే. దానికి సాకు వెతకకండి.

ఇప్పుడు ఆ ఏఎన్ఎం. రివ్యూలో మీకు పడే భయం మీ నుంచి ఆమెకు, ఆమె నుంచి ఆశాకు దిగుతుంది. భయపడిన మనిషి కొలవకుండానే 120/80 వేసేస్తుంది. మీ జాబితాలో బీపీ అంకెలు చూడండి. వరుసగా 120/80, 130/80 కనిపిస్తే, అన్నీ సున్నాతోనే ముగుస్తుంటే అనుమానించాలి. పది పేర్లు తీసుకుని బండి వెళ్లిన రోజు మీరే కొలవండి. 170 ఉన్న మనిషికి 120 అని నమోదైతే అతను జాబితాలో ఆరోగ్యవంతుడు, మళ్లీ ఎవరూ అతని తలుపు తట్టరు. ఉద్దానంలో అదుపు లేని బీపీ కిడ్నీని ఎక్కడికి తీసుకుపోతుందో మీకు తెలుసు. మీ శాతం ఆకుపచ్చగా ఉంటుంది, అతను డయాలసిస్‌కు చేరతాడు.

పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆస్పత్రి వార్డుల్లో మందుల పొరపాట్లు లెక్కగట్టినప్పుడు, బాగా కలిసి పనిచేసే బృందాల్లోనే పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేసినందుకు కాదని, చెప్పుకోవడానికి భయపడనందుకని ఆమె తేల్చారు. మీ ఏఎన్ఎం "పూర్తి చేయలేదు" అని మీతో చెప్పగలిగింది. దొంగ అంకె వేయలేదు. అందుకే ఆమెతో మాట్లాడండి, చాటుగా కాదు. కేకలు విన్నవాళ్లందరూ ఉన్న నెలవారీ సమావేశంలోనే "ఆ రోజు అలా మాట్లాడటం నా పొరపాటు. పూర్తి కానిది పూర్తి కాలేదనే చెప్పండి, దొంగ అంకె మాత్రం వద్దు" అనండి. మీ కింద ముప్పైమంది దాకా పనిచేస్తున్నారు. జిల్లాలో పని వాతావరణం మీ చేతిలో లేకపోయినా ఆ ముప్పైమందికి అది మీ చేతిలోనే ఉంది. ఎంట్రీల కోసం ఏఎన్ఎంలకు వారంలో ఒక పూట ఖాళీ ఇవ్వండి. టీకాల రోజులైన బుధ, శనివారాలు కాకుండా. ఇప్పుడు వాళ్లు ఆ పని రాత్రి ఇంట్లో చేస్తున్నారు, మీలాగే.

ఇవన్నీ చేసి చూడటానికి మూడు నెలలు పడుతుంది. మూడు నెలలు ఆగడం మీకు కుదురుతుందా లేదా అన్నది నేను చెప్పలేను. నిద్ర, పాప, మీ అమ్మగారి ఆరోగ్యం చూసి మీరే తేల్చుకోవాలి. అసలు ఊపిరాడటం లేదనుకుంటే ముందు సెలవు వాడండి. పిల్లల సంరక్షణ సెలవు 180 రోజులు ఉంది, విడతలుగా వాడుకోవచ్చు. సెలవులో ఉండగా రాజీనామా ఆలోచన అలాగే నిలబడితే దానికి విలువ ఎక్కువ. సెలవు మంజూరు కాకుండా మాత్రం డ్యూటీకి వెళ్లడం మానేయకండి. అలా ఏడాది దాటితే రాజీనామా చేసినట్టుగానే పరిగణిస్తారు. ఆ మచ్చ సర్వీసు పుస్తకంలో ఉంటుంది.

విశాఖ ఉద్యోగం గురించి. కుటుంబం ఒకచోట ఉండటం పెద్ద లాభం, దాన్ని తక్కువ చేయను. కానీ డ్యూటీ డాక్టర్ అంటే పీజీ చేసినవాళ్ల కింద పని, రాత్రి డ్యూటీలు, కొన్నిచోట్ల అడ్మిషన్ల మీద, పరీక్షల మీద లెక్కలు. అక్కడ కూడా శాతాలుంటాయి, రంగులు వేరు. జీడితోట కూలీని సమయానికి పట్టుకునే అవకాశం అక్కడ మీకు రాదు, ఆ రోగి మీ దగ్గరికి చివరి దశలో వస్తాడు. చేరే ముందు నాలుగు అడగండి: నెలకు ఎన్ని రాత్రులు, వరుసగా ఎన్ని గంటలు, వారపు సెలవు కచ్చితమా, మానేయాలంటే ఎంత నోటీసు. జవాబు కాగితం మీద తీసుకోండి. అక్కడ ఇప్పుడు పనిచేస్తున్న జూనియర్ ఒకరితో విడిగా మాట్లాడండి; హెచ్ఆర్ చెప్పనిది వాళ్లు చెబుతారు.

పీజీ మనసులో ఉంటే లెక్క మారుతుంది. ఇన్‌సర్వీస్ కోటా (ప్రభుత్వ సర్వీసులో ఉన్న డాక్టర్లకు పీజీ సీట్లలో వాటా) శాతాలు, ఏ స్పెషాలిటీలకు అన్నవి మారుతున్నాయి. 2024లో, 2025లో పీహెచ్‌సీ డాక్టర్ల ఆందోళనల్లో ఇదొక ముఖ్యమైన డిమాండ్. ఈ ఏటి జీవో చదివి, మీ నాలుగేళ్లు అర్హతకు సరిపోతాయో లేదో చూసుకోండి. రాజీనామా ఆమోదమైన రోజున ఆ కోటా మీకు లేనట్టే. చదువుకు టైమ్ ఎక్కడిదంటారా, అందుకే బండి రోజులు పది తగ్గించుకోమన్నది. కుటుంబ వైద్యంలో డీఎన్‌బీ (పీజీతో సమానమైన కోర్సు) కూడా ఉంది. మీరు చేస్తున్న పనికి అదే దగ్గర. బదిలీ మూడో దారి. విజయనగరం వైపు దొరికితే విశాఖ దగ్గరవుతుంది, కానీ అక్కడి సీనియర్ ఎవరో, బండి పట్టిక ఎలా ఉందో తెలుసుకోకుండా వెళ్తే ఇదే ఉత్తరం ఇంకో ఊరి నుంచి రాయాల్సి వస్తుంది.

చివరికి వెళ్లాలనే తేల్చుకుంటే కోపంలో జూమ్ రివ్యూ అయిన రాత్రి పంపకండి. నియామక ఉత్తర్వులో బాండ్ షరతు, నోటీసు గడువు చూడండి. మీ మీద పెండింగ్‌లో మెమోలుంటే జవాబులు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి, ఎందుకంటే పెండింగ్ విచారణ ఉంటే రాజీనామా ఆమోదం ఆగుతుంది. మందులు, పరికరాల అప్పగింత జాబితా మీద సీనియర్ సంతకం, నో డ్యూస్ (బాకీలేమీ లేవన్న పత్రం), సర్వీసు సర్టిఫికెట్ చేతికి వచ్చాకే కాశీబుగ్గ ఇల్లు ఖాళీ చేయండి. మీ ఐదు ఊళ్లలో క్రియాటినిన్ పెరుగుతున్నవాళ్ల పేర్లు, చివరి అంకెలు, తర్వాతి పరీక్ష తేదీ ఒక నోట్‌బుక్‌లో రాసి వచ్చే డాక్టర్‌కు ఇవ్వండి. ఆ జాబితా ఏ యాప్‌లోనూ సరిగ్గా దొరకదు.